అతను అన్న మాటే రాయి

అల్లుడికి మావయ్య దీవెనలు.

ఫోన్‌లో నీ గొంతు వినగానే ఎంత టెన్షన్‌లో ఉన్నావో తెలిసింది. నువ్వు దావా వేసినవాడు బెదిరించాడని వాట్సాప్‌లో పంపిన కంప్లయింట్ రెండుసార్లు చదివాను. ఏమీ అనుకోకు గానీ, అది పనికిరాదు. "నన్ను బూతులు తిట్టి, నా అంతు చూస్తానని బెదిరించాడు" అని రాశావు. ఇరవై రెండేళ్లు స్టేషన్ రైటరుగా కూర్చుని నేనూ ఆ వాక్యమే రాశాను, ఎన్ని వందలసార్లో. కోర్టులో అవతలి వకీలు "ఏ మాటలన్నాడు? ఎక్కడ? ఎవరి ముందు?" అనేసరికి ఫిర్యాదుదారు నీళ్లు నమిలేవాడు. అందులో సగం తప్పు నా కలానిదే.

టీకొట్టు దగ్గర అతను అన్న మాట నువ్వే నాకు చెప్పావు కదా: "సోమవారంలోగా దావా వాపసు తీసుకోకపోతే నీ గడ్డివాముతో పాటు ఇల్లూ తగలెడతా." అదే రాయి, పొల్లు పోకుండా. వింతేమిటంటే, 1860 నాటి పీనల్ కోడ్ 503వ సెక్షన్‌లో బెదిరింపుకు ఇచ్చిన ఉదాహరణ అచ్చం ఇదే: సివిల్ దావా మానుకోమని ఇల్లు తగలబెడతాననడం. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 351. ఆ చట్టం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది కాబట్టి అలవాటుకొద్దీ పాత కోడ్‌లో దీనికి శిక్ష చెప్పే సెక్షన్ 506 అని రాయకు. మామూలు బెదిరింపుకు రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చంపుతాననో నిప్పు పెడతాననో అంటే ఏడేళ్ల దాకా. ఆకాశరామన్న ఉత్తరమైతే పైన ఇంకో రెండేళ్ల దాకా పడొచ్చు.

నోరు జారినంత మాత్రాన కేసు నిలవదు. బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో ఒక ఇన్‌స్పెక్టర్ తీరు మీద కోపంగా రాసినందుకు ఓ దంపతుల మీద ఇదే కేసు పెడితే, భయపెట్టే ఉద్దేశం కనిపించలేదని 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అందుకే దావా ఎప్పుడు వేశావో, అతనికి సమన్లు ఎప్పుడు అందాయో ముందు రాయి. ఆ రాత్రే గేదెల్ని తోలుకెళ్లి అక్కావాళ్ల దొడ్లో కట్టేశానన్నావు చూడు, కంప్లయింట్‌లో అది లేదు! నువ్వు నిజంగా భయపడ్డావనడానికి అంతకంటే ఏం కావాలి?

లేని కత్తిని మాత్రం అతని చేతిలో పెట్టకు. టీకొట్టతను కత్తి చూడలేదంటే మిగతాదీ నమ్మరు. "కోర్టుకీడుస్తా" అన్న ముక్క కూడా తీసెయ్. కోర్టుకు వెళ్లడం అతని హక్కు, నీకున్నట్టే. నువ్వూ "కాళ్లు విరగ్గొడతా" అన్నావట, మీ అమ్మ చెప్పింది. అదీ ఈ సెక్షన్ కిందికే రావచ్చు నాయనా. ఎస్సై అడిగితే దాచకు, మళ్లీ మాత్రం అనకు.

అతను రెండోసారి ఫోన్ చేసినప్పుడు రికార్డయిందన్నావు. ఆ ఫోన్ అమ్మకు, రీసెట్ చేయకు, ఆడియో కత్తిరించకు. కాపీ కోర్టుకిచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల కొత్త చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, అది వకీలుగారు చూసుకుంటారు.

స్టేషన్‌లో "ఇది నాన్ కాగ్నిజబుల్, మేజిస్ట్రేట్ ఆర్డరు కావాలి" అనొచ్చు, అంటే పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయలేని నేరమని. ఏడేళ్ల శిక్షుండీ కేంద్ర చట్టం పట్టికలో ఇది ఆ ఖాతాలోనే ఉంది, నాకూ మింగుడుపడదు. గొడవపడకు. పుస్తకంలో ఎక్కించమను, రసీదు తీసుకో. అతను గట్టు రాళ్లు పీకేసిన సంగతీ అదే కాగితంలో ఉండాలి. కలిసి జరిగిన వాటిలో ఒక్కటి కాగ్నిజబుల్ అయినా మొత్తం కేసు అలాగే దర్యాప్తు చేయొచ్చు. అప్పటికీ కదలకపోతే నేరుగా మేజిస్ట్రేటు దగ్గరే ప్రైవేటు కంప్లయింట్ వేద్దాం.

రేపు పొద్దున బస్సుకి వస్తున్నా. ఈలోగా కొత్తది రాసి ఉంచు, సంతకం మాత్రం పెట్టకు. గేదెలు అక్కడే ఉండనీ.

మీ మావయ్య