పందేలు లేని నెలల్లో పరుగు సాధన

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి పరీక్షలు రాసింది. స్కూలు తరఫున వంద, రెండు వందల మీటర్ల పందేల్లో పరుగెత్తుతుంది. వంద మీటర్లకు స్టాప్‌వాచ్ మీద 13.6 సెకండ్లు వచ్చింది. మళ్ళీ ఆగస్టు దాకా పోటీలు లేవు. దమ్ము పెరగాలంటూ వాళ్ళ నాన్నగారు రోజూ తెల్లవారుజామున ఉస్మానియా క్యాంపస్‌లో ఐదు కిలోమీటర్లు పరుగెత్తిస్తున్నారు. స్కూల్లో పీఈటీ సారు బరువులు ఎత్తించమంటున్నారు. ఎదిగే వయసులో బరువులెత్తితే ఎత్తు ఆగిపోతుందని మా అత్తగారి భయం. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, తార్నాక

జవాబు: ముందుగా ఆ ఐదు కిలోమీటర్ల పరుగు మాన్పించండి. ఉదయాన్నే లేచి బిడ్డ వెంట మైదానానికి వెళ్ళే తండ్రి దొరకడం అదృష్టమే, అయితే ఆ శ్రద్ధను మరో దారికి మళ్ళించాలి. వంద మీటర్ల పందెంలో కండరాలు ప్రధానంగా తమలో అప్పటికే నిల్వ ఉన్న శక్తినే ఖర్చు చేస్తాయి. పూర్తి వేగంతో పరుగెత్తితే ఆ నిల్వ కొద్ది సెకండ్లలోనే చాలావరకు తరిగిపోతుంది, మళ్ళీ నిండడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. పైగా పూర్తి వేగంలో పాదం నేలమీద ఉండేది సెకండులో పదో వంతు మాత్రమే. నిదానంగా సాగే దూరపు పరుగులో అంతకు రెట్టింపు సమయానికి పైగానే ఉంటుంది. అలా రోజూ సాధన చేస్తే శరీరం ఆ నిదానానికే అలవాటుపడి, అసలు వేగానికి పనిచేయవలసిన రోజున అలసిన కాళ్ళతో మైదానంలోకి దిగుతుంది.

వేగం కోసం వారానికి మూడు రోజులు చాలు, ఒక్కో దానికీ మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉండాలి. పావుగంటకు తగ్గకుండా వామప్ చేయించి, మొదటి నెలంతా ఇరవై, ముప్పై మీటర్ల పరుగులే పెట్టండి. నిలుచున్న చోటు నుంచి ఒకసారి, చేతులు నేలకు ఆనించి ఒకసారి, ఇలా ఆరు నుంచి ఎనిమిది పరుగులు చాలు. ప్రతి పరుగు తర్వాత, పరుగెత్తిన ప్రతి పది మీటర్లకూ ఒక నిమిషం లెక్కన ఆగాలి, అంటే ముప్పై మీటర్లకు మూడు నిమిషాలు. ఈ విరామం చూసేవారికి కాలం వృథా చేస్తున్నట్టు కనిపిస్తుంది, తల్లిదండ్రులే కాదు, కొందరు శిక్షకులు కూడా పిల్లలు కూర్చుంటే ఓర్చుకోలేరు. కాని ఆ మూడు నిమిషాలు తీసేస్తే మిగిలేది వేగ సాధన కాదు, అలసటను ఓర్చుకోవడం నేర్పే సాధన. రెండో నెల నుంచి ఇరవై ఐదు మీటర్లలో క్రమంగా వేగం పుంజుకుని, ఆపైన ఇరవై మీటర్లు పూర్తి వేగంతో పరుగెత్తే పద్ధతిని వారానికి ఒకరోజు కలపండి. కాలం పెరగడం మొదలైందంటే, అంటే పరుగు మందగించిందంటే, ఇంకా ఓపిక ఉందని అమ్మాయి చెప్పినా ఆ రోజుకు ఆపేయాలి. గచ్చిబౌలి వంటి సింథటిక్ ట్రాక్‌కు రోజూ వెళ్ళలేకపోయినా ఫరవాలేదు, గుంతలు లేని మట్టి మైదానం సరిపోతుంది. కొద్దిపాటి ఏటవాలు దారి దొరికితే వారానికోసారి ఎగువకు ఇరవై మీటర్ల పరుగులు పెట్టండి. ఏప్రిల్, మే నెలల ఎండలో ఏడున్నరలోపు సాధన ముగించాలి.

ఇక బరువుల విషయం. మీ అత్తగారి భయం చాలా ఇళ్ళలో ఉన్నదే, కాని దానికి ఆధారం లేదు. శిక్షకుడి పర్యవేక్షణలో సరైన భంగిమలో చేసే బరువుల సాధన ఎముకల ఎదుగుదలను ఆపదు. ప్రమాదమంతా చూసేవారు లేకుండా, ఎంత ఎత్తగలమో చూద్దామన్న పంతంతో ఎత్తేటప్పుడే. అమెరికాకు చెందిన అలిసన్ ఫెలిక్స్ హైస్కూల్లో చదివే రోజుల్లోనే తన బరువుకు రెట్టింపు బరువుతో డెడ్‌లిఫ్ట్ (నేలమీది రాడ్‌ను పట్టుకుని నిటారుగా లేచి నిలబడడం) చేసేది, 2012 లండన్ ఒలింపిక్స్‌లో రెండు వందల మీటర్ల స్వర్ణం గెలిచింది. ఆ అంకెను మీ అమ్మాయికి లక్ష్యంగా పెట్టవద్దు, ఆడపిల్లలకు బరువులు తగవన్న మాట నిలవదని చెప్పడానికే ఈ ఉదాహరణ. తను మొదట సొంత బరువుతో బస్కీలు, ఒక కాలు ముందుకు వేసి చేసే లంజ్‌లు, దండీలు శుభ్రంగా చేయగలగాలి. మూడు, నాలుగు వారాల తర్వాత ఖాళీ రాడ్‌తో స్క్వాట్ (రాడ్ భుజాల మీద పెట్టుకుని తీసే బస్కీ), డెడ్‌లిఫ్ట్ మొదలుపెట్టి, నడుము వంగకుండా ఎనిమిది సార్లు చేయగలిగినప్పుడే కాస్త బరువు పెంచాలి. వారానికి రెండు రోజులు చాలు, అదీ పరుగు సాధన ముగిశాకే, ముందు కాదు.

పరుగెత్తేవారిని ఎక్కువగా బాధించేది తొడ వెనుక కండరం పట్టేయడం. దానికి మీరే ఇంట్లో చేయించగల వ్యాయామం ఒకటుంది. చాప మీద మెత్తటి దుప్పటి పరిచి అమ్మాయిని మోకాళ్ళ మీద నిలబెట్టి, వెనుక కూర్చుని రెండు చీలమండలనూ గట్టిగా అదిమి పట్టుకోండి. తుంటి దగ్గర వంగకుండా, తల నుంచి మోకాళ్ళ దాకా శరీరాన్ని నిటారుగా ఉంచి, వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలాలి, ఇక ఆపుకోలేననిపించినప్పుడు చేతులు నేలకు ఆనించాలి. మొదటి వారం నాలుగు సార్ల చొప్పున రెండు విడతలకు మించవద్దు, మర్నాడు తొడలు బాగా నొప్పిపెడతాయి.

తిండి విషయంలో డబ్బాల్లో వచ్చే ప్రొటీన్ పొడులు కొనవలసిన పని లేదు. పప్పు, గుడ్లు, పెరుగు, పల్లీలు, వీలైతే చికెన్ రోజువారీ భోజనంలో ఉంటే చాలు. ఎదిగే ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ కాబట్టి, ఒకసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను తెలిపేది) పరీక్షలు చేయించండి, అన్నం తిన్న వెంటనే చాయ్ తాగే అలవాటు ఉంటే మాన్పించండి, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. సాధన పెరిగాక నెలసరి ఆగినా, తప్పినా దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చాలాసార్లు ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేకపోవడమే కారణం, వెంటనే డాక్టరుకు చూపించాలి. రాత్రి ఎనిమిది గంటలకు తక్కువ కాకుండా నిద్రపోనివ్వండి. మోకాలి చిప్ప కింద ఎముక మీద నొక్కితే నొప్పి ఉంటే ఎగిరే వ్యాయామాలు ఆపించి వైద్యుణ్ణి కలవండి.

మీ వారికి ఒక పని అప్పగించండి. మూడు వారాలకోసారి, సాధన లేని రోజు తర్వాతి ఉదయం, ముప్పై మీటర్ల పరుగును స్టాప్‌వాచ్‌తో మూడుసార్లు కొలిచి, మంచి కాలాన్ని పుస్తకంలో రాయాలి. చేత్తో నొక్కే స్టాప్‌వాచ్ కొలత ఎలక్ట్రానిక్ కొలత కన్నా తక్కువ చూపుతుంది. వంద మీటర్లకు 0.24 సెకండ్లు కలిపి లెక్కించడం వాడుక, అంటే మీ అమ్మాయి 13.6 నిజానికి 13.84కు దగ్గర. కాబట్టి స్కూల్లో వచ్చిన కాలాన్ని పెద్ద పోటీల్లోని ఎలక్ట్రానిక్ కాలాలతో పోల్చి దిగులుపడవద్దు, గర్వపడవద్దు. కొలిచే మనిషి, మైదానం, బూట్లు మారకుండా చూసుకుని, జూన్ కాలాన్ని ఏప్రిల్ కాలంతోనే పోల్చండి.