పెద్ద గెకో, చిన్న గెకో ఒకే ట్యాంకులో ఉండొచ్చా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ, మాది రాయగడ జిల్లా గుణుపురం. మా తమ్ముడి దగ్గర లెపర్డ్ గెకో అనే మచ్చల బల్లి ఒకటి ఉందండి, జానెడు పొడవుంటుంది, బరువు 55 గ్రాములు. మొన్న ఇంకో పిల్లని తెచ్చాడు, అది నా వేలంత కూడా లేదు. ఉన్నది ఒకటే రెండడుగుల ట్యాంకు కాబట్టి రెండింటినీ అందులోనే వేసేశాడు. పొద్దున చూస్తే పెద్దది చిన్నదాని మీదెక్కి పడుకునుంది. స్నేహం కుదిరిపోయింది అక్కా అంటాడు, నాకేమో భయంగా ఉంది. మధ్యలో గాజుపలక అడ్డం పెడితే సరిపోతుందాండి?

జవాబు: ముందు ఈ పేజీ పక్కన పెట్టేసి ఆ పిల్లని వేరే డబ్బాలోకి మార్చండమ్మా, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మీ భయమే కరెక్ట్. లెపర్డ్ గెకోలకి ఒంటరిగా ఉండటమే అలవాటు, తోడు లేదని బెంగపడే జాతి కాదు. పుట్టినప్పుడు 3 గ్రాములు ఉండే జీవికీ 55 గ్రాముల దానికీ మధ్య స్నేహం ఏముంటుంది చెప్పండి, నోటికి పట్టేది ఏది ముందు కదిలినా పెద్దది దాన్ని మేత అనుకుంటుంది, పూర్తిగా మింగకపోయినా తోక పట్టుకుంటుంది, తోక ఊడిపోతుంది. మళ్ళీ మొలుస్తుందిలే అంటారు, మొలుస్తుంది నిజమే, కానీ పొట్టిగా ముద్దలా మొలుస్తుంది, పైగా తోకే దానికి ధాన్యపు గాదె, కొవ్వంతా అక్కడే దాచుకుంటుంది, ఎదిగే వయసులో అది పోతే పిల్ల బాగా నీరసపడిపోతుంది.

ఇంక ఆ మీదెక్కి పడుకోవడం సంగతి. ట్యాంకులో వెచ్చటి చోటు ఒకటే ఉంటే బలమున్నది దాన్ని పట్టేసుకుంటుంది, చూసేవాళ్ళకి ముద్దుగానే ఉంటుంది గానీ కిందున్న చిన్నదానికి వేడి సరిగ్గా అందదు. పొట్టకి వేడి తగలకపోతే వీటికి తిన్నది అరగదు. కొరుకుడు గాట్లు ఒక్కటీ లేకుండానే పిల్ల ఎండిపోతూ వస్తుంది, ముందు తోక సన్నబడుతుంది, తర్వాత తుంటి ఎముకలు బయటపడతాయి. అందుకే వారానికోసారి గ్రాముల్లో చూపించే కిచెన్ త్రాసు మీద తూచి రాసుకోండి, కళ్ళతో చూస్తే తెలియని తేడా అక్కడ తెలుస్తుంది.

గాజుపలక వద్దు. అవతల పెద్దది రోజంతా కనిపిస్తూనే ఉంటే పిల్ల బయటికొచ్చి తినదు, ఒకవేళ పలక జారితే ఆ రాత్రే అయిపోతుంది, పైగా ట్యాంకు కింద వేడినిచ్చే హీట్ మ్యాట్ ఒక పక్కనే ఉంటుంది కాబట్టి రెండో పక్క చల్లగా మిగిలిపోతుంది. రెండడుగుల ట్యాంకు ఒక్క పెద్దదానికే సరిపోతుందనుకోండి. పిల్లకి ఖరీదైన ట్యాంకు ఏమీ అక్కర్లేదు, గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాకి పక్కల గాలి కన్నాలు పెట్టి, కింద టిష్యూ పేపర్ వేసి, వెచ్చటి వైపొకటి చల్లటి వైపొకటి కుండపెంకులు బోర్లిస్తే చాలు, ఇంకో మూలన తడి గుడ్డ పెట్టిన చిన్న డబ్బా ఉండాలి, కుబుసం వదిలేటప్పుడు వేళ్ళకి చర్మం చుట్టుకుపోకుండా అదే కాపాడుతుంది. వెచ్చటి వైపు నేల 31 నుంచి 33 డిగ్రీలు, చల్లటి వైపు 25 దగ్గర ఉండాలి, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా మాత్రం హీట్ మ్యాట్ ఆన్ చెయ్యకండి, పొట్ట కాలిన కేసులు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మన వైపు ఎండాకాలంలో గదే 35 దాటిపోతుంది కదా, అప్పుడు మ్యాట్ ఆపేసి నీడున్న గదిలోకి మార్చండి.

మేత కూడా వేరే వేరేగానే. పిల్లకి రోజూ, పెద్దదానికి రెండు మూడు రోజులకోసారి, పురుగు వెడల్పు గెకో రెండు కళ్ళ మధ్య దూరాన్ని దాటకూడదు, కాల్షియం పొడి అద్దండి. వరి చేలో మిడతలు ఊరికే దొరుకుతాయని పట్టి వెయ్యకండి, మందు కొట్టి ఉంటారు. తినకుండా మిగిలిన కీచురాళ్ళని రాత్రికి తీసెయ్యాలి, నిద్రపోతున్న పిల్లని అవే కొరుకుతాయి.

కొత్తగా వచ్చింది కాబట్టి కనీసం రెండు నెలలు గిన్నెలు, పట్టకార్లు కూడా వేరుగా పెట్టండి, ఒకదాన్ని ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కునే రెండోదాన్ని ముట్టుకోవాలి. క్రిప్టో అనే పేగు జబ్బు రెట్ట ద్వారా అంటుతుంది, దానికి నమ్మకమైన మందు లేదు, మామూలు ఫినాయిల్‌కి చావదు.

పెద్దయ్యాక కలపొచ్చా అని మీ తమ్ముడు తప్పకుండా అడుగుతాడు. రెండూ మగవైతే ఎప్పటికీ వద్దు, కొట్టుకు చస్తాయి. ఒకటి ఆడదైతే ఒళ్ళు నిండకముందే గుడ్లు పెట్టి నీరసించిపోతుంది. రెండూ ఆడవై ఒకే సైజుంటే కొంతమంది ఉంచుతారు గానీ నేనైతే ఉంచనమ్మా, దెబ్బలాట మొదలయ్యేది ఏ అర్ధరాత్రో, మనం లేనప్పుడు.

ప్రశ్న: కోరాపుట్ నుంచి రాస్తున్నానండి. మా పెరట్లో రాళ్ళ కింద పసుపు, గోధుమరంగు పట్టీల బల్లి దొరికింది, రెప్పలు కూడా ఆడిస్తోంది. విషమని చంపబోతే ఆపాను. ఇంట్లో పెంచుకోవచ్చా?

జవాబు: ఆపి చాలా మంచి పని చేశారు. మీరు చెప్పినదాన్ని బట్టి అది మన తూర్పు కనుమల సొంత లెపర్డ్ గెకో, షాపుల్లో అమ్మేదానికి దగ్గరి చుట్టం. గోడ బల్లికి రెప్పలుండవు, దీనికుంటాయి. విషం చుక్క కూడా లేదు, అయినా ఆ భయంతోనే ఊళ్ళల్లో కొట్టి చంపేస్తున్నారు. అడవి జీవి కాబట్టి పెంచుకోవడం మాత్రం వద్దండి. మీ దగ్గర వేరే గెకో ఉంటే దాని దరిదాపుల్లోకి కూడా తేకండి, రోగాలు అటూ ఇటూ అంటుకుంటాయి. డబ్బా బోర్లించి కింద అట్టముక్క తోసి, చీకటి పడ్డాక దొరికిన రాళ్ళ దగ్గరే వదిలెయ్యండి.