సోలార్ ట్రఫ్ ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. పారాబోలిక్ ట్రఫ్ కలెక్టర్ల (ఎండను ఒక గొట్టం మీదికి చేర్చే పొడవాటి వంపు అద్దాలు) థర్మల్ మోడలింగ్‌ను, అంటే వాటిలో వేడి రాకపోకలను లెక్కకట్టడాన్ని, ప్రాజెక్టుగా తీసుకోవాలనుంది. సోలార్ అంటే ఇప్పుడంతా ప్యానెళ్లేనని, అద్దాలతో వేడి పుట్టించే పద్ధతికి రోజులు చెల్లాయని స్నేహితులు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. తీసుకోవచ్చా?

జవాబు: మీ స్నేహితుల మాటలో సగం నిజముంది. కరెంటు తయారీలో ప్యానెళ్లు చౌకైపోయి ట్రఫ్‌లను వెనక్కి నెట్టాయి. కేవలం ట్రఫ్‌ల మీదే ఉండే ఉద్యోగాలు తక్కువే. అయినా తీసుకోమనే చెబుతాను. హీట్ ట్రాన్స్‌ఫర్‌లో మీరు చదివిందంతా ఆ ఒక్క గొట్టంలో కనబడుతుంది.

అద్దం ఎండను స్టీలు గొట్టం మీదికి మళ్లిస్తుంది. గొట్టం చుట్టూ గాజు తొడుగు, రెండింటి మధ్య శూన్యం. గొట్టం నుంచి లోపలి నూనెకు కన్వెక్షన్‌తో (పారే ద్రవం వేడిని మోసుకుపోవడం), గాజుకు ముఖ్యంగా రేడియేషన్‌తో (వేడి కిరణాలుగా వెళ్లడం) వేడి చేరుతుంది. గాజు దగ్గర గాలి కొంత, ఆకాశం కొంత లాగేసుకుంటాయి. ఒక్కో పొరకు వచ్చే వేడి, పోయే వేడి సమానమని సమీకరణం రాసి, ఉష్ణోగ్రతలు కుదిరేదాకా పైథాన్‌లో లెక్క తిప్పాలి. అసలు మజా శూన్యం పోయినప్పుడు చూడాలి. వేడికి నూనె విరిగి పుట్టే హైడ్రోజన్ స్టీలు గుండా మెల్లగా ఆ శూన్యంలోకి చేరితే, గొట్టం కోల్పోయే వేడి కొన్ని రెట్లు పెరుగుతుంది. ప్లాంట్లను నిజంగా ఇబ్బంది పెట్టే సమస్య ఇది. దీన్ని మీ మోడల్‌లో చూపించగలిగితే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి బోలెడంత సరుకు దొరికినట్టే.

చాలామంది మొదటి రోజే సీఎఫ్‌డీ (ద్రవాలు, వాయువుల ప్రవాహాన్ని కంప్యూటర్లో లెక్కకట్టే) సాఫ్ట్‌వేర్ తెరుస్తారు. రంగురంగుల బొమ్మలు వస్తాయి. “ఇది సరైనదని ఎలా తెలుసు?” అని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. అందుకే చిన్న మోడలైనా సొంతంగా రాసి, కొలతలతో సరిచూడండి. అమెరికాలోని శాండియా ల్యాబ్ ఎల్ఎస్-2 అనే రకం ట్రఫ్ కలెక్టర్‌ను పరీక్షించి 1994లో ఫలితాలు ప్రచురించింది. శూన్యం ఉన్నప్పుడు, గాలి చేరినప్పుడు, గాజే లేనప్పుడు ఎలా పనిచేసిందో అందులో ఉంది. ఏడాది మొత్తం ఉత్పత్తిని పోల్చడానికి ‘శామ్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ట్రఫ్‌కు పనికొచ్చేది నేరుగా పడే ఎండ మాత్రమే, మబ్బుల్లో చెదిరి వచ్చే వెలుతురు కాదు. డేటా తీసుకునేటప్పుడు ఇది మరవకండి.

ఇక ఉద్యోగాలంటారా, సుమారు 400 డిగ్రీల లోపు వేడి కావలసిన పరిశ్రమలు, కరిగించిన ఉప్పులో వేడి నిల్వ, హీట్ ఎక్స్ఛేంజర్లు, బ్యాటరీ కూలింగ్, అన్నిచోట్లా ఇదే లెక్క. రెజ్యూమెలో ‘సోలార్ ప్రాజెక్టు’ అని రాసి ఊరుకోకండి. ‘థర్మల్ మోడల్ రాసి, పరీక్ష ఫలితాలతో సరిచూశాను’ అని రాయండి, తేడా ఎంత శాతం వచ్చిందో కూడా చెప్పండి.

గైడ్ ఒప్పుకుంటే మొదట ఒక్క మీటరు గొట్టానికి రేడియేషన్ నష్టాన్ని చేత్తో లెక్కకట్టి, కోడ్ ఇచ్చే జవాబుతో పోల్చండి. రెండూ కలవకపోతే కంగారు పడకండి. చాలాసార్లు ఎక్కడో సెల్సియస్‌ను కెల్విన్‌లోకి మార్చడం మరిచిపోయి ఉంటారు.