మూస్ ఎదురైతే పరిగెత్తాలా, నిలబడాలా?

ప్రశ్న: మా అమ్మాయి పురుటికి మే నెలలో అలాస్కాలోని యాంకరేజ్ వెళ్తున్నాం. వాళ్ల పెరట్లోకి మూస్‌లు (జింక జాతిలోకెల్లా పెద్ద జంతువులు) వస్తుంటాయట. ఎలుగుబంటి కనిపిస్తే పరిగెత్తొద్దని మా అల్లుడు చెప్పాడు, మూస్‌కి కూడా అంతేనా? మావారికి తెల్లారగానే వాకింగ్‌కి వెళ్లకపోతే తోచదు, వాళ్ల కుక్కను కూడా తీసుకెళ్తానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మూస్ మీదికి వస్తే పరిగెత్తాలమ్మా. అది మనల్ని తినడానికి రాదు, తన దగ్గర్నుంచి తరిమేయడానికి వస్తుంది, మనం దూరమైతే చాలావరకు ఆగిపోతుంది. అయితే గంటకు 50 కిలోమీటర్లకు పైగా ఉరకగలదు కాబట్టి తిన్నగా రోడ్డు పట్టుకుని పరిగెత్తితే లాభం లేదు, దగ్గర్లో ఉన్న లావుపాటి చెట్టు వెనక్కో, కారు వెనక్కో, ఇంట్లోకో చేరిపోవాలి. ఒకవేళ పడగొడితే లేవడానికి చూడకుండా ముడుచుకుని, చేతులతో తల కప్పుకుని, అది బాగా దూరం వెళ్లేదాకా కదలకుండా ఉండాలి. కదిలితే మళ్లీ వచ్చి తొక్కుతుంది.

మీరు వెళ్లే నెల గురించే నాకు ఎక్కువ బెంగ. మే మధ్య నుంచి జూన్ మొదటి రోజుల దాకా అక్కడ మూస్‌లు ఈనే కాలం. పిల్ల ఒక్కటే కనిపించిందంటే తల్లి పక్క పొదల్లోనే ఉందనుకోండి, వచ్చిన దారినే వెనక్కి వచ్చేయండి. 2024 మేలో అలాస్కాలోనే హోమర్ అనే ఊళ్లో, అప్పుడే పుట్టిన కవల పిల్లల్ని ఫొటో తీద్దామని వెళ్లిన 70 ఏళ్ల ఫొటోగ్రాఫర్‌ని తల్లి మూస్ చంపేసింది. ఆయనకు ఆ జంతువులు కొత్తేం కాదు. ఫోన్‌లో ఫొటో కావాలంటే కిటికీ లోపల నుంచే తీసుకోండి.

మామూలుగా మేస్తున్నా సరే, కనీసం 25 గజాల దూరం ఉండాలి. మేత ఆపి మీ వైపే చూస్తోందంటే మీరు అప్పటికే దగ్గరికి వెళ్లారని అర్థం. చెవులు వెనక్కి వాల్చి, మూపురం మీద వెంట్రుకలు నిక్కబొడిచి, మూతి నాక్కుంటోందంటే ఇక ఆలోచించొద్దు, పరుగే.

ఇంకోటి, మన బజార్లో ఆవు ఎదురైతే అరటిపండు పెట్టి, మెడ నిమిరి దండం పెట్టుకుంటాం కదా, ఆ అలవాటు గుంటూరులోనే వదిలి వెళ్లండి. అలాస్కాలో మూస్‌కి తిండి పెట్టడం చట్టప్రకారం నేరం. తిండికి అలవాటు పడ్డ మూస్ ఆ తర్వాత కనిపించిన వాళ్లందరి దగ్గరికీ వస్తుంది, పెట్టకపోతే మీద పడుతుంది, దెబ్బ తినేది ఎవరింటి పిల్లలో.

కుక్కను మాత్రం వద్దనండి. మూస్‌కి కుక్క తోడేలు లాంటిదే, చూస్తే రెచ్చిపోతుంది. ఆ కుక్క భయపడి మళ్లీ మీవారి కాళ్ల దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, వెనకాలే మూస్.

ప్రశ్న: మా అబ్బాయి కెనడాలో సెయింట్ జాన్స్‌లో చదువుతున్నాడు. ఫ్రెండ్స్‌తో కారు అద్దెకు తీసుకుని తిరుగుతుంటాడు. అక్కడ మూస్ యాక్సిడెంట్లు ఎక్కువంటున్నారు, నిజమేనా?
– ఒక తండ్రి, పటమట, విజయవాడ

జవాబు: నిజమేనండి. సెయింట్ జాన్స్ ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దీవిలో అసలు మూస్‌లు ఉండేవి కావు, 1878లో ఒకసారి, 1904లో ఒకసారి బయటి నుంచి తెచ్చి వదిలారు, ఇప్పుడు దీవంతా ఉన్నాయి. కారు గుద్దేది దాని పొడుగు కాళ్లను, నాలుగైదు వందల కిలోల ఒళ్లు వచ్చి అద్దం మీద, లోపలున్న వాళ్ల మీద పడుతుంది, ప్రాణాలు పోయేది అందుకే. ముదురు రంగు, పైగా కళ్లు హెడ్‌లైట్ వెలుగు కంటే ఎత్తులో ఉంటాయి కాబట్టి చీకట్లో మెరవవు, కనిపించేసరికి బ్రేకు వేసే టైం ఉండదు. పొద్దు వాలాక, తెల్లవారకముందు హైవే ఎక్కొద్దని గట్టిగా చెప్పండి. తప్పనిసరైతే స్పీడు బాగా తగ్గించి, పక్క సీట్లో వాళ్లు నిద్రపోకుండా రోడ్డు అంచులు చూస్తుండాలి. ఒకటి దాటింది కదా అని వెంటనే కదలొద్దు, వెనకాల పిల్ల ఉండొచ్చు.