కరోనా రోజుల్లో మామూలు ఫ్లూ నిజంగా తగ్గిందా? మా మెడికల్ షాపులో చూసింది చెప్తాను

కరోనా రెండేళ్ళలో మామూలు ఫ్లూ నిజంగానే తగ్గిందా, లేక ఫ్లూ జ్వరాలన్నీ కరోనా లెక్కలో కలిపేశారా అన్నది మీ ప్రశ్న. తగ్గింది. అందులో నాకు అనుమానం లేదు. తిరుపతి బస్టాండుకు దగ్గర్లో పందొమ్మిదేళ్ళుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. ఊళ్ళో ఏ జ్వరం మొదలైనా ఆస్పత్రి కంటే ముందు మా కౌంటరుకు తెలుస్తుంది.

మామూలు రోజుల్లో మా దగ్గర దగ్గు మందులు కొనేవాళ్ళలో సగం మంది యాత్రికులే. రాత్రంతా క్యూ కంపార్టుమెంట్లలో కూర్చుని, తెల్లవారుజామున గుండు చేయించుకుని, చలిలో చన్నీళ్ళు పోసుకుని, కొండ దిగి గొంతు పట్టేసిందని వస్తారు. దేశంలోని జలుబులన్నీ మా ఊళ్ళో కలుస్తాయి. 2020 మార్చిలో దర్శనాలు ఆగిపోయాయి. సామాన్య భక్తులకు మళ్ళీ మొదలైంది జూన్ 11న. మనుషులే కలవనప్పుడు ఫ్లూ ఎలా పాకుతుంది? దానికి కరోనా అంత వేగం లేదు. మాస్కులకు, ఇంటిపట్టున ఉండటానికి ముందు లొంగింది అదే.

ఇది నా షాపు మాట ఒక్కటే కాదు. అమెరికాలో 2019-20 సీజన్లో ఫ్లూతో సుమారు 200 మంది పిల్లలు చనిపోయినట్టు నమోదైతే, తర్వాతి సీజన్లో నమోదైంది ఒక్క మరణం. ఫ్లూ బి వైరస్‌లో యమగాటా అనే శాఖ ఉండేది. 2020 మార్చి తర్వాత అది ప్రపంచంలో ఎక్కడా ఖాయంగా దొరకలేదు. ఇక టీకాలో అది అక్కర్లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. లెక్కలు తారుమారు చేస్తే ఒక వైరస్ శాఖ కనపడకుండా పోతుందా? కరోనా పరీక్షల ఒత్తిడిలో కూడా కొన్ని ల్యాబులు ఫ్లూ కోసం వెతకడం మానలేదు కాబట్టే ఆ సంగతి తెలిసింది.

మన వీధుల్లో మాత్రం ఆ వెతకడం ఎలా జరిగిందో నా కళ్ళతో చూశాను.

2020 వేసవిలో, లాక్‌డౌన్ నడుస్తుండగా, జ్వరం, దగ్గు, జలుబు మందులు కొనేవాళ్ళ పేరు, ఫోన్ నంబరు, చిరునామా యాప్‌లో ఎక్కించమని మందుల షాపులకు ఆదేశం వచ్చింది. ఆలోచన మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. కొన్నాళ్ళకు ఒకరోజు, షాపు మూసే వేళకు, కొర్లగుంట వైపు ఆటో నడిపే ఆయన వచ్చాడు. ముఖపరిచయం ఉన్న మనిషి. "సామీ, పాపకు ఒళ్ళు కాలిపోతా ఉండాది, జ్వరం సిరప్ ఇయ్యి" అన్నాడు. సీసా తీసి, ఫోన్ నంబరు చెప్పన్నా అన్నాను. ముఖం మారిపోయింది. "నంబరు రాస్తే అంబులెన్సు వస్తాది. మా వీధికి కర్రలు కట్టేస్తారు. చిన్నబిడ్డను ఒక్కదాన్నే యాడికో తీసకపోతారు. వద్దు సామీ." నేను నచ్చజెప్పేలోపే కౌంటరు మీద పెట్టిన యాభై నోటు తీసుకుని వెళ్ళిపోయాడు. సీసా నా చేతిలోనే ఉంది. పాపకు ఆరేళ్ళు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఆయన భార్య వచ్చింది. సిరప్ అడగలేదు. "ఒళ్ళు నొప్పులన్నా, ఒక షీటు మాత్రలు ఇయ్యి" అంది. పెద్దవాళ్ళ మాత్ర విరిచి పాపకు వేస్తారని అర్థమైంది. సిరప్పే ఇచ్చాను. పాప బరువు అడిగి, ఎంత పోయాలో కొలత మూత మీద పెన్నుతో గీత గీసి చూపించాను. యాప్‌లో ఎక్కించలేదు. అది తప్పే. అయినా ఆ క్షణంలో నాకు ఆ పాప జ్వరం దిగడమే ముఖ్యం.

ఆ తర్వాత చాలా రోజులు జ్వరం మాత్ర అని ఎవరూ అడగలేదు. ఒళ్ళు నొప్పులు, పంటి నొప్పి, తలనొప్పి అని అడిగారు. ఏ పేరుతో అడిగినా ఇచ్చింది పారాసిటమాలే. యాప్ చూసేవాళ్ళకు మా వీధిలో జ్వరం పోయినట్టే కనిపించి ఉంటుంది.

దేశమంతటా జబ్బుల మీద నిఘా పథకం 2004 నుంచీ ఉంది. ఏఎన్ఎంలు నింపేది ఎస్ ఫారం, డాక్టర్లది పి ఫారం, ల్యాబులది ఎల్ ఫారం. మెడికల్ షాపుకు ఏ ఫారమూ లేదు. రాష్ట్రంలో కరోనా పరీక్షలు ముందుగా మొదలుపెట్టిన ల్యాబుల్లో మా ఊరి స్విమ్స్ ఆస్పత్రి ల్యాబ్ ఒకటి, ఆ సంగతి మాకు గర్వం. కానీ ఎంత మంచి ల్యాబైనా తన దగ్గరికి వచ్చిన స్వాబ్‌నే చూడగలదు. స్వైన్ ఫ్లూ నిబంధనల్లో కూడా తేలికపాటి లక్షణాలున్నవాళ్ళకు పరీక్ష అక్కర్లేదనే ఉంది. వాళ్ళు ఎక్కడికి వస్తారు? మా దగ్గరికే. వచ్చి అజిత్రోమైసిన్ అడుగుతారు. ఫ్లూ వైరస్ అమ్మా, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు అని రోజుకు పదిసార్లు చెప్తాను. పక్క షాపులో ఇస్తున్నారుగా అని వెళ్ళిపోతారు. ఇంకో బాధ కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో చిత్తూరు నుంచి తిరుపతి వేరే జిల్లా అయింది. ఇప్పుడు జిల్లా లెక్క పాతదానితో పోల్చాలంటే కుదరదు.

మా షాపుల నుంచి పేర్లు అడగొద్దు, ఫోన్ నంబర్లు అడగొద్దు. ఈ వారం దగ్గు, జ్వరం అని ఎంతమంది వచ్చారో సంఖ్య ఒక్కటి అడగండి. అది పెరిగిన వీధికి ఏఎన్ఎం వెళ్ళి నాలుగు గొంతు స్వాబులు తీసుకుని, ఒకే స్వాబ్‌తో కరోనా, ఫ్లూ రెండూ చూస్తే చాలు. రెండూ కలిపి చూడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. ఆటో ఆయన దగ్గర నేను నంబరు అడగకపోయి ఉంటే ఆ పాప కూడా లెక్కలో ఉండేది.

ఆ ఏడాది నుంచి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. పేర్లు ఉండవు, తేదీ పక్కన దగ్గు, జ్వరం అని వచ్చిన ఒక్కొక్కరికి ఒక గీత మాత్రమే. 2023 మార్చిలో హెచ్3ఎన్2 అనే ఫ్లూ రకం గురించి టీవీలో హడావిడి మొదలయ్యేటప్పటికే అందులో గీతలు రెండు వరుసలు దాటాయి. అప్పుడూ ఎవరూ అడగలేదు. కావాలంటే ఫొటోలు తీసి పంపిస్తాను.