చెప్పులు వేసుకుని ముట్టుకున్నా టచ్ ల్యాంప్ వెలుగుతోంది, ఎలా?

ప్రశ్న: మా ఇంట్లో ఉన్న టచ్ ల్యాంప్‌ను వేలితో తాకితే వెలుగుతుంది, ప్లాస్టిక్ స్కేలుతో తాకితే వెలగదు. రబ్బరు చెప్పులు వేసుకున్నా పనిచేస్తోంది. మన ఒంట్లోంచి కరెంటు పోతోందా? గాలివానకు కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతట అదే వెలుగుతుంటే అమ్మకు టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చెప్పుల సంగతి భలే పట్టుకున్నారు, అసలు కిటుకు అక్కడే ఉంది. ల్యాంప్ మీ వేలి వేడినీ చూడదు, ఒత్తిడినీ చూడదు. మన ఒళ్లు కొంచెం చార్జ్‌ను పట్టి ఉంచుకోగలదు. దీన్నే కెపాసిటెన్స్ అంటారు. మనిషికి అది సుమారు 100 పికోఫారడ్లు, చాలా తక్కువే, కానీ ల్యాంప్ లోపలి సర్క్యూట్‌కు తేడా తెలియడానికి అది చాలు. ఆ సర్క్యూట్ ల్యాంప్ లోహాన్ని సెకనుకు వేలసార్లు చార్జ్ చేస్తూ, ఖాళీ చేస్తూ, ఎంతసేపు పడుతోందో చూస్తూనే ఉంటుంది. నల్లా కింద చెంబు తీసి బిందె పెడితే నిండడం ఆలస్యమైనట్టే, మీరు తాకగానే మీ ఒళ్లు కూడా ఆ లోహానికి తోడై ఆ టైమ్ పెరుగుతుంది, అంతే, ఎవరో ముట్టుకున్నారని దానికి తెలిసిపోతుంది. ప్లాస్టిక్ స్కేలు చార్జ్‌ను మీ చేతిదాకా రానివ్వదు.

చెప్పులు ఎందుకు అడ్డురావంటే, కెపాసిటర్‌కు రెండు పలకలు, మధ్యలో కరెంటు పారనిది ఒకటి ఉంటే చాలు. ఇక్కడ ఒక పలక మీరు, రెండోది నేల, మధ్యలో రబ్బరు. ఎలక్ట్రీషియన్ చెప్పులు విప్పకుండానే ప్లగ్గులో టెస్టర్ పెట్టి వెనక వేలు ఆనిస్తే లోపలి చిన్న బల్బు ఎర్రగా వెలుగుతుంది చూడండి, అదీ ఇలాగే. కాబట్టి మన ఒంట్లోంచి కరెంటు పోతుంది, కానీ మనకు తెలిసేంత కాదు. అది అంత తక్కువగా ఉండాలనే లోహానికీ సర్క్యూట్‌కూ మధ్య కరెంటును అడ్డుకునే పెద్ద రెసిస్టర్లు పెడతారు.

ఇక దానంతట అది వెలగడం. కరెంటు పోయి వచ్చినప్పుడు, పక్కింట్లో బోరు మోటార్ వేసినప్పుడు లైన్లో ఒక్క కుదుపు వస్తుంది, సర్క్యూట్ దాన్ని కూడా చెయ్యి తగిలిందనే అనుకుంటుంది. అమ్మకు ఈ మాట చెప్పండి. మోటార్‌కు దూరంగా వేరే బోర్డుకు పెట్టి చూడండి, పడుకునేటప్పుడు ప్లగ్గు తీసేయండి. తాకిన కొద్దీ వెలుగు మూడు స్థాయిల్లో మారే ల్యాంప్ అయితే డిమ్మబుల్ (వెలుగు తగ్గించగలిగే) ఎల్‌ఈడీ బల్బే వేయండి, మామూలుది మిణుకుమంటుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా, తాకినప్పుడు చెయ్యి జివ్వుమంటే ఆ ల్యాంప్ ఇక వాడొద్దు. లోపల ఇన్సులేషన్ పోయి ఉండొచ్చు. గోడ మీది స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.