తోలుబొమ్మ పద్ధతిలో కలివికోడి ల్యాంప్‌షేడ్: తోలు, రంగు, చిల్లులు ఎలా?

ప్రశ్న: మాది కడప. లేపాక్షి పైకప్పు చిత్రాలు, తోలుబొమ్మలు చూసి ఆ తరహాలో కలివికోడి అనే అరుదైన పిట్ట బొమ్మతో ల్యాంప్‌షేడ్ చేయాలనుకున్నాను. బజార్లో కొన్న మేకతోలు మీద ఆక్రిలిక్ రంగులు వేశాను. బల్బు వెలిగించగానే బొమ్మంతా నల్లటి ముద్దలా కనబడుతోంది. తప్పెక్కడుంది?

జవాబు: తప్పు తోలులోనూ ఉంది, రంగులోనూ ఉంది. రెండింటికీ మూలం ఒకటే. లేపాక్షి చిత్రం మీద వెలుగు పడుతుంది, తోలుబొమ్మలోంచి వెలుగు వస్తుంది. ఒకదాని కోసం పుట్టిన రంగుల్ని రెండోదాని మీదికి ఉన్నవి ఉన్నట్టు తెస్తే ఇలాగే అవుతుంది.

ముందు తోలు సంగతి. బ్యాగులకు, చెప్పులకు అమ్మేది పదును చేసిన తోలు. మెత్తగా ఉంటుంది, మడత పడుతుంది, కానీ వెలుగును పోనివ్వదు. తోలుబొమ్మకు వాడేది పదును చేయని తోలు. వేడినీళ్ళలో నానబెట్టి, వెంట్రుక గీకి, లోపలివైపు మాంసం, కొవ్వు పొరలు తీసి, నాలుగు వైపులా లాగి కట్టి ఆరబెడతారు. ఆరాక అప్పడంలా గట్టిగా, తేనెరంగులో ఉంటుంది. వెనక చెయ్యి పెట్టి బల్బుకు ఎదురుగా పట్టుకుంటే వేళ్ళ అంచులు కనిపించాలి. కనిపించకపోతే ఆ తోలు మీకు పనికిరాదు.

ఇది ఇంట్లో చేసుకోవద్దనే చెబుతాను. వాసన ఒక్కటే కాదు కారణం. నీళ్ళు చెయ్యి పట్టలేనంత వేడెక్కితే తోలు ఉడికి, ముడుచుకుపోయి రబ్బరులా అవుతుంది, ఇక సాగదు. కొవ్వు సరిగా గీకకపోతే అక్కడ నూనె మచ్చ నిలిచిపోయి రంగు అంటదు. ఎర్రటి ఎండలో ఆరబెడితే పైవైపు ముందు బిగిసి అంచులు పైకి లేస్తాయి, నీడలో ఆరాలి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో బొమ్మలు చేసే కుటుంబాలు తరాలుగా ఈ పనిలో ఉన్నాయి. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. అక్కడికి వెళ్ళి సిద్ధం చేసిన తోలు కొనుక్కోవడం మేలు. పూర్వం దేవతల బొమ్మలకు జింకతోలు వాడేవారని వినుంటారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం కాబట్టి ఎవరైనా ఇస్తామన్నా ముట్టుకోకండి.

మొదటిసారి గుండ్రటి షేడ్ జోలికి పోకండి. పైనొక రింగు, కిందొక రింగు పెట్టి మధ్యలో తోలు చుడితే ఆరే కొద్దీ లోపలికి లాగేసి నడుం పడుతుంది. నాలుగు మూలల్లో నిలువు ఊచలున్న చదరపు చట్రం తీసుకోండి. వైపుకు 8 అంగుళాలు, ఎత్తు 12 అంగుళాలు చాలు. అన్ని వైపులా అర అంగుళం కుట్టుకు వదలాలి కాబట్టి ముక్క 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు. అలాంటివి నాలుగు కావాలి. ఒక మేకతోలులో వీపు భాగం నుంచి రెండు మూడు ముక్కలు వస్తాయి. పొట్ట, మెడ దగ్గర తోలు పలచగా, సాగుడుగా ఉంటుంది, దాన్ని ప్రయోగాలకు ఉంచుకోండి. వెన్నెముక గీత వెంట మందం ఎక్కువ, వెలుగు తగ్గుతుంది. అది బొమ్మ ముఖం మీదికి రాకుండా చూసి కోయాలి. చట్రం ఇనుముదైతే ఎనామిల్ పూసి, ఆరాక నూలు పట్టీ చుట్టండి. లేదంటే మొదటి వానాకాలానికే తోలు మీద తుప్పు చారలు దిగుతాయి.

ఇప్పుడు బొమ్మ. ఫొటో చూసి ఈకకు ఈక దిద్దితే వెలుగులో అదంతా మురికిలా కనిపిస్తుంది. తోలుబొమ్మలో గీత తక్కువ, చిల్లు ఎక్కువ. ముఖం పక్కకు, కన్ను మాత్రం నిండుగా వేస్తారు. కలివికోడికి ఇది బాగా నప్పుతుంది. 1848లో జెర్డన్ అనే బ్రిటిష్ వైద్యుడి పేరు మీద లోకానికి తెలిసి, అంతరించిపోయిందనుకున్నాక 1986లో మీ లంకమల కొండల దగ్గరే మళ్ళీ దొరికిన పిట్ట అది. రాత్రి తిరిగే పక్షి కాబట్టి పెద్ద కన్ను. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, వాటి మధ్య తెల్ల పట్టీ. కంటిపైన తెల్లటి కనుబొమ్మ లాంటి గీత, గొంతు దగ్గర నారింజ ఛాయ, పసుపు ముక్కుకు నల్లటి కొన, పాలిపోయిన పసుపు కాళ్ళు. ఇందులో తెలుపున్న చోటల్లా రంగు కాదు, చిల్లులు. తెల్ల రంగు పూస్తే వెలుగు ఆగి అక్కడ బూడిదరంగు మచ్చ తేలుతుంది. రొమ్ము మధ్య పట్టీని రెండు వరుసల బియ్యపుగింజ చిల్లులతో కొట్టండి. కనుబొమ్మకు ఒకే వరుస సన్నటి చుక్కలు చాలు. కనుగుడ్డు నిండు నలుపు, దాని చుట్టూ చుక్కల వలయం.

రాత్రిపూట పిట్ట కదా అని వెనకంతా నలుపు పూసే ఆలోచన చాలామందికి వస్తుంది. పూస్తే దీపం దీపంగా ఉండదు. వెనకభాగం ఉత్త తోలుగానే వదిలేసి, ఆ పిట్ట తిరిగే తుమ్మ, రేగు, వాక పొదల ముళ్ళకొమ్మల్ని మాత్రం నల్లగా వేయండి. మధ్యలో ఖాళీ నేల ఉండాలి. నిజం అడవిలోనూ అది తిరిగేది పొదల మధ్య ఖాళీల్లోనే. లేపాక్షి నుంచి మనుషుల బొమ్మలు తెచ్చి ఇరికించే బదులు, ఆ పైకప్పు చిత్రాల్లో ఆడవాళ్ళు కట్టిన చీరల అంచులు చూడండి. విజయనగర కాలపు బట్టల డిజైన్లు అన్నన్ని రకాలు ఒకచోట దొరకడం కష్టం. వాటిలో ఒకటి ఎంచుకుని పైనా కిందా ఒకటిన్నర అంగుళం పట్టీగా, రంగు లేకుండా చిల్లులతోనే దింపండి. రెండు సంప్రదాయాలూ అక్కడ బాగా కలుస్తాయి.

రంగు దగ్గర మీరు చేసిన తప్పు ఆక్రిలిక్ వాడడం. ఆక్రిలిక్, పోస్టర్ రంగులు పైన పొరగా కూర్చుని వెలుగును ఆపేస్తాయి. సీసాల్లో దొరికే, ఆరాక నీటికి చెదరని డ్రాయింగ్ ఇంకులు వాడండి, అవి తోలులోకి ఇంకుతాయి. ఒక వంతు ఇంకుకు రెండు వంతుల నీళ్ళు కలిపి రెండు పూతలు వేయడం, చిక్కగా ఒక్కసారే పూయడం కన్నా నయం. చిక్కటి పూత అంచుల్లో పేరుకుని ముదురు గీతగా మిగులుతుంది. బ్రష్‌లో తడి తక్కువగా ఉండాలి. వెంట్రుక ఉన్న వైపు నున్నగా ఉంటుంది కాబట్టి గీత అటువైపు. మాంసం వైపు రవంత నూగుగా ఉంటుంది, అక్కడ ఇంకు పరుచుకుపోతుంది. అందుకే మాంసం వైపు రంగును గీతకు అర మిల్లీమీటరు లోపలే ఆపాలి. రంగు మాత్రం రెండు వైపులా వేయాల్సిందే. ఒకవైపే వేస్తే వెలుగులో వెలిసిపోయినట్టుంటుంది. తోలుకే పసుపు ఛాయ ఉంది కాబట్టి నీలం ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు తోలు మీద ఎందుకు నిలుస్తాయో అప్పుడు అర్థమవుతుంది. కలివికోడి గోధుమరంగుకు వేరే సీసా అక్కర్లేదు, ఎరుపులో నలుపు చుక్క కలిపి బాగా పలచన చేస్తే తోలు పసుపు మిగతాది చూసుకుంటుంది. ఏ రంగైనా పొట్టభాగపు ముక్క మీద వేసి, బల్బు ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి చూశాకే అసలు ముక్క ముట్టుకోండి.

చిల్లులు ముందా, రంగు ముందా అంటే రెండు రకాలుగానూ చేసేవాళ్ళున్నారు. కొత్తవాళ్ళకు రంగు ముందు, పూర్తిగా ఆరాక చిల్లులు. ముందే కొడితే ఇంకు తడికి తోలు ఉబ్బి సన్న చిల్లులు మూసుకుపోతాయి, అంచుల్లోకి రంగు దిగి మసకబారతాయి. కింద చింతమొద్దు, చేతిలో కొయ్యసుత్తి. గుండ్రటిది, నెలవంక, బియ్యపుగింజ, ఈ మూడు ఉలులతో చాలా డిజైన్లు వస్తాయి. ఉలి నిటారుగా పెట్టి ఒకే దెబ్బలో తెగాలి. రెండో దెబ్బ వేయాల్సి వస్తోందంటే ఉలికి పదును పోయిందన్నమాట, అలాగే కొడితే వెనక పీచు లేస్తుంది. చిల్లుకూ చిల్లుకూ మధ్య కనీసం 3 మిల్లీమీటర్లు వదలండి. తిన్నటి గీతలో దగ్గర దగ్గరగా కొట్టారంటే ఎండాకాలంలో తోలు బిగిసినప్పుడు ఆ గీత వెంటే చిరుగుతుంది. వరుసల్ని అటూ ఇటూ జరపాలి. తిమ్మమ్మ మర్రిమానులాంటి బొమ్మ వేయాలనిపిస్తే ఊడల్ని పొడుగాటి కోతలుగా తెరవొద్దు. కోత పక్కన తోలు ముడుచుకుని బయటికి లేస్తుంది. ఊడకు ఒక వరుస చిల్లులు చాలు.

కుట్టుకు మిగిలిన తోలులోంచే 3 మిల్లీమీటర్ల వెడల్పు వార్లు కోసి, పది నిమిషాలు నానబెట్టి వాడండి. ఆరాక అవే బిగుసుకుంటాయి. అయితే తడి తోలు వారు రంగును తాకితే ఇంకు సరిగా ఆరని చోట కారుతుంది, కాబట్టి అంచు నుంచి ఒక సెంటీమీటరు దాకా రంగు వేయకండి. ముక్కల్ని డోలులా లాగి కట్టొద్దు. వానల్లో వదులై, మన సీమ ఎండల్లో బిగిసే వస్తువది. పనంతా వానాకాలంలో చేస్తే వేసవిలో కుట్టు దగ్గర చిరుగు ఖాయం, పొడిగా ఉన్న నెలల్లో చేయండి.

బల్బు 5 నుంచి 7 వాట్ల ఎల్ఈడీ, పసుపు వెలుగుది. మధ్యలో పెడితే తోలుకు దాదాపు 3 అంగుళాల ఎడం వస్తుంది. పాత 60 వాట్ల బల్బు వేడికి తోలు ముదురుతుంది, ముడుచుకుంటుంది. తడిబట్టతో తుడవకండి, పొడి బ్రష్ చాలు. వార్నిష్ కూడా వద్దు, పసుపుపచ్చగా మారుతుంది. దాచాల్సి వస్తే ప్లాస్టిక్‌లో చుడితే బూజు పడుతుంది. నూలుబట్టలో చుట్టి, వేపాకు వేసి, ఎలుకలకు అందని చోట పెట్టండి, వాటికిది తిండే.

అమ్మే ఆలోచన ఉంటే ఒక మాట. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు చూసి మీరు చేసినవి నిమ్మలకుంట బొమ్మలని కొనేవాళ్ళు అనుకోకూడదు. మీరు గీత గీసి, తోలు పని అక్కడి కళాకారులకు ఇచ్చి, ఇద్దరి పేర్లూ చీటీ మీద రాయడం మంచిది. కూలి ముక్కల లెక్కన కాకుండా చిల్లుల పని ఎంతుందో చూసి మాట్లాడుకోండి, సమయమంతా పోయేది దానికే.